కడిగిన రోలు

కోవిల్‌పట్టి మునిసిపాలిటీ పార్కులో ఫోటోలు తీసే సోలైమలైకి ఒక పొగరుండేది. డబ్బు పొగరనుకునేరు, అది రావడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. తన ఫోటోలో పరాయి మనిషి పడడని పొగరు. మొగుడూ పెళ్ళాం కాగితప్పూల తీగ ముందు నిలబడితే ఆ ఫోటోలో ఆ ఇద్దరూ, ఆ తీగా ఉండాలి. వెనకాల వేరుశనక్కాయలు వొలుచుకు తినేవాడూ, ముక్కు చీదేవాడూ ఉండకూడదు. అందుకని మెడలో కెమెరా వేలాడుతుండగా చెయ్యి గాల్లో ఊపుతూ "ఓరం పో! ఓరం పో!" అని తమిళంలో అరిచేవాడు, పక్కకు తప్పుకోమని. తప్పుకునేదాకా మీట నొక్కేవాడు కాదు. పార్కుకి వచ్చే జనం ఆయనకి 'ఓరంపో' అని పేరు పెట్టేశారు. ఆ పేరు విని ఆయన మురిసిపోయేవాడు కూడా.

చెట్లూ పిట్టలూ అన్నా అంతే పిచ్చి. ఒక్కో ఫిల్ము చుట్టకి ముప్పయ్యారు ఫోటోలు వస్తే ముప్పయ్యో ముప్పయ్యొకటో జనానికి, మిగిలినవి తనకి. ఆ మిగిలినవాటిలో తొండ ఎండ కాగుతుంటుంది, వేపపూత రాలుతుంటుంది, గోరింక తల తుడుచుకుంటుంటుంది. వాటినెవరూ కొనరు. భార్య కాళీశ్వరి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పొద్దస్తమానం పెట్టెలు అంటించి వచ్చి, "నీ తొండకి పెండ్లి సంబంధం చూస్తాండావా యామి?" అని అడిగేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

వాళ్ళది ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఎన్నో తరాల కిందట ఏ కరువుకో యుద్ధానికో ఇటు వచ్చినవాళ్ళు. వాళ్ళ తెలుగు బెజవాడవాళ్ళు వింటే తమ ముత్తాత లేచొచ్చి మాట్లాడుతున్నాడనుకుంటారు, అందులోనూ సగం తమిళం కలుపుకుని. ఆ తెలుగుతో ఆ ఇంట్లో ఒక చిక్కుండేది. ఫిల్ము చుట్టని సోలైమలై 'రోలు' అనేవాడు. దాన్ని మందునీళ్ళలో వేసి బొమ్మ తేల్చడాన్ని ఆ వృత్తిలో అందరూ 'కడగడం' అనే అంటారు. కాళీశ్వరి కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు ఆయన "రోలు కడిగేదానికి పోవాల" అన్నాడు. మొగుడు ఎందుకు రోలు కడగాలని ఆ పిల్ల తనే పెరట్లో పిండి రుబ్బే రోలుని కొబ్బరిపీచుతో తళతళా తోమిపెట్టింది. ఆ కథ చెప్పుకుని వీధి వీధంతా చాన్నాళ్ళు నవ్వింది. అందరికన్నా ఎక్కువ నవ్వింది సోలైమలై తల్లి కుప్పమ్మాళ్. తనకి ఆ తేడా తెలుసని ఆవిడకి గర్వం.

తెలుసు మరి. రోలు కడిగేది విరుదునగర్‌లో. సోలైమలై ప్రతి సోమవారం నిండిన రోళ్ళు పట్టుకుని బస్సెక్కి, అక్కడి బాలసుబ్రమణియన్ స్టూడియోలో కడగడానికిచ్చి, అవి ఆరేలోగా విరుదునగర్ పార్కులో నాలుగు ఫోటోలు తీసుకుని, సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. ఒకసారి కంటి డాక్టరుకి చూపించడానికి తల్లిని వెంట తీసుకెళ్ళాడు. స్టూడియోలో ఆవిడ బల్ల మీద కూర్చుని చూసింది. తాడుకి క్లిప్పులు పెట్టి, నీళ్ళోడుతూ, నల్లటి రిబ్బన్లలా ఫిల్ములు వరసగా వేలాడుతున్నాయి. "ఇదా కడిగేది అంటే!" అని ఇంటికొచ్చి అందరికీ చెప్పింది. లోపలి చీకటిగదిలో, వెలుతురు తగలకుండా, అంతకుముందు ఏం జరిగిందో ఆవిడకెవరూ చెప్పలేదు. ఆవిడా అడగలేదు.

1991 ఏప్రిల్‌లో ఒక ఆదివారం తంగపాండి, ఇసక్కిసెల్వి పార్కుకి వచ్చారు. వాళ్ళదీ సోలైమలై వీధే, ఇంట్లో ఆ తెలుగే. తంగపాండి పత్తి గోడౌన్‌లో బేళ్ళు మోస్తాడు. సెల్వి కాళీశ్వరితోపాటు అగ్గిపెట్టెలు అంటిస్తుంది. ఆమెకప్పుడు ఏడో నెల. ముందురోజే ముత్తయిదువలు చేతుల నిండా గాజులు తొడిగారు. ఆ గాజులతో మొగుడి పక్కన ఒక ఫోటో కావాలని ఆమె పట్టు. ఫోటో అంటే తంగపాండికి ఒంటికి పడదు. వాళ్ళ పెళ్ళి కొండమీది గుళ్ళో నలుగురి మధ్య జరిగింది, ఫోటో లేదు. గోడౌన్‌లో ఆయుధపూజకి అందర్నీ నిలబెట్టి తీసినప్పుడు వాడు టీకి పోయాడు. రేషన్ కార్డుకి ఆ రోజుల్లో ఫోటో అక్కర్లేదు. ముప్పయ్యేళ్ళ మనిషి ఏ కాగితం మీదా లేడు.

"నా మొగము చూసి నీ కెమెరా పగిలిపోతాది అన్నా" అన్నాడు తంగపాండి.

"నీకన్నా అన్నేయమైన మొగాలు చూసిండాది ఇది. నవ్వురా" అన్నాడు సోలైమలై.

వాడు నవ్వాడు. ముందుపన్ను కాస్త పక్కకి తిరిగి ఉంటుంది, అది బయటపడేలా నవ్వాడు. సెల్వి గాజుల చేతులు పొట్టమీద పెట్టుకుంది. వెనకాల ఎవరో పోతుంటే సోలైమలై "ఓరం పో!" అని అరిచి, దారి ఖాళీ అయ్యాక మీట నొక్కాడు.

రోల్లో ఇంకా మూడు మిగిలాయి. మర్నాడు సోమవారం. మామూలుగా అయితే ఆ మూడూ ఏ మబ్బుకో వదిలేసి బస్సెక్కేవాడు. కానీ పార్కు చివర వేపచెట్టు తొర్రలో వడ్రంగిపిట్ట పిల్లల్ని పెట్టింది. పిల్ల తల బయటికి పెట్టి నోరు తెరవడం, తల్లి ఆహారం పెట్టడం, ఆ ఒక్క క్షణం కావాలి సోలైమలైకి. సోమవారం రాలేదు. మంగళవారం తల్లి వచ్చింది, పిల్ల రాలేదు. బుధవారం సాయంత్రం ఎండ వాలే వేళ ఎర్రటి నోరు తెరుచుకుని పిల్ల బయటికొచ్చింది. మూడూ దానికే నొక్కేశాడు. ఇంటికొచ్చి రోలుని చుట్టి, కెమెరాలోంచి తీశాడు. ఫిల్ము నాలుక కొసని అలవాటు ప్రకారం బయటికే వదిలాడు, స్టూడియోలో చీకట్లో తడుముకోకుండా పట్టుకోవడానికి. అది వాడేసిన రోలని గుర్తుగా ఆ నాలుకని మడిచి గోడ గూట్లో పెట్టాడు. మూడు రోజులు పిట్ట కోసం కాచుకుని కూర్చున్న మనిషి ఆ రాత్రి ఎంత సంతోషంగా అన్నం తిన్నాడో కాళీశ్వరి తరవాత తరవాత ఎవరికీ చెప్పలేకపోయింది.

గురువారం పొద్దున్నే వీధిలో ఏడుపులు. ముందురోజు సాయంత్రం, సరిగ్గా ఎండ వాలే వేళకే, గోడౌన్‌లో పత్తిబేళ్ళ దొంతర కూలి తంగపాండి మీద పడింది. ఆస్పత్రి నుంచి శవం తెల్లారాక వచ్చింది. సోలైమలై చొక్కా వేసుకుంటూనే బయటికి పరిగెత్తాడు. గడప దగ్గర ఆగి తల్లితో అన్నాడు:

"అమ్మా, ఆ రోలు సీక్కిరం కడగాల! తంగపాండి మొగము దాంట్లోనే ఉండాది!"

సీక్కిరం అంటే తొందరగా. అంత తొందరలో అన్న మాట అది. తనకి తను చెప్పుకున్నాడు, ఆవిడకి చెప్పినట్టు.

చావింట్లో ఆడవాళ్ళ మధ్యనుంచి సెల్వి ఆయన్ని చూసింది. గాజులింకా చేతులకే ఉన్నాయి. లేచి రాబోతే పట్టుకున్నారు, అయినా వచ్చింది.

"అన్నా, ఆదివారం తీస్తివే, అది ఉండాది కదా?"

"ఉండాది తల్లీ."

"మొగము పడిండాదా?"

"బాగా పడిండాది. నవ్విండాడు."

"నాకు ఇంగేమీ వద్దన్నా. పుట్టేదానికి ఇదిగో మీ నాయన అని చూపాల. పదహారో దినం కర్మకి తెచ్చిస్తివంటే చాలు. తెస్తావా?"

ఆమె చేతిలో చెయ్యి వేసి, శవం సాక్షిగా, వీధి సాక్షిగా తెస్తానన్నాడు సోలైమలై. రోట్లో తల పెట్టి రోకటిపోటుకి వెరవకూడదంటారు. ఏ రోట్లో తల పెట్టాడో ఆయనకింకా తెలియదు.

శ్మశానం నుంచి వచ్చి, తలస్నానానికని పెరట్లోకి నడిచాడు. బట్టలారేసే తీగ మీద ఫిల్ము ఆ కొస నుంచి ఈ కొసదాకా విప్పి ఆరేసి ఉంది. ఎండలో. జానెడుకొక క్లిప్పు పెట్టి, ముడతలు పడకుండా. నీళ్ళు ఇంకా బొట్టు బొట్టుగా కారుతున్నాయి. పక్కన స్టూలు మీద కుప్పమ్మాళ్ కూర్చుని, కాకి వచ్చి వాలకుండా కర్రతో కాపలా కాస్తోంది.

"వచ్చితివా నాయనా? సీక్కిరం అంటివే, అందుకే కడిగేసిండాను. సోపు ఎయ్యలేదు, గీరుకుపోతాదని. కుంకుడు నురగతో మెల్లంగా కడిగిండాను. ఆరేది ఒకటే బాకి."

ఫిల్ము పాలమీగడలా తెల్లబోయి ఉంది. ముప్పయ్యారింట్లో ఒక్కటి లేదు. తంగపాండి లేడు, గాజులు లేవు, పిట్టపిల్ల నోరు లేదు.

సోలైమలై అరవలేదు. అరిస్తే బాగుండేదని ఆవిడే తరవాత అనుకుంది. ఆయన తీగ మీంచి ఫిల్ముని తీసి, మడత పడకుండా చుట్టి, తలకి నీళ్ళు పోసుకోకుండానే బస్టాండుకి నడిచాడు. పని జరగదని ఆయనకి తెలియదా? ఇరవయ్యేళ్ళుగా కెమెరా పట్టినవాడికి తెలియదా? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. మునిగేవాడికి ఆకైనా కావాలి కదా. విరుదునగర్ దాకా ఆ చుట్టని చొక్కా లోపల గుండెకి ఆనించి పట్టుకునే కూర్చున్నాడు, ఇప్పుడు ఎండ తగిలితే ఏదో పోతుందన్నట్టు.

బాలసుబ్రమణియన్ ఫిల్ముని వెలుతురుకి పట్టి చూసి, మళ్ళీ సోలైమలై మొహం చూసి, ఎదురుమాట చెప్పకుండా చీకటిగదిలోకి తీసుకెళ్ళి మందులో వేశాడు. మర్యాదకి వేశాడు. బయటికి తెచ్చేసరికి ఈ కొస నుంచి ఆ కొసకి కాటుకలా నల్లగా ఉంది.

"వెలుతురు తాగేసిందయ్యా" అన్నాడు తమిళంలో. "అమ్మని ఏమీ అనకు."

"అమ్మని యామంటాను? నేనే కదా చెప్పింది" అన్నాడు సోలైమలై, తెలుగులో. అవతలి మనిషికి తెలుగు రాదని కూడా తోచలేదు.

అక్కణ్ణుంచి పద్నాలుగు రోజులు ఆ మనిషి పడ్డ యాతన పగవాడికి వద్దు. పార్కుకి పోవడం మానేశాడు. ఇంట్లో ఐదు బిస్కెట్ డబ్బాల నిండా పన్నెండేళ్ళ నెగెటివ్‌లు ఉన్నాయి. తంగపాండి ప్రతి ఆదివారం ఆ పార్కుకి వచ్చి రావిచెట్టు గట్టు మీద పడుకునేవాడు. ఎవరో ఒకరి ఫోటో వెనకాల, ఏ మూలో, గోరంత మొహమైనా పడి ఉండదా? కిటికీ దగ్గర కూర్చుని, ఒక్కొక్క ముక్కా వెలుతురుకి పెట్టి, భూతద్దంతో వెతకసాగాడు. తిండి అక్కడికే, నీళ్ళు అక్కడికే. కళ్ళు ఎర్రబడి నీరు కారుతున్నా తుడుచుకోడు, చేతులు తడైతే నెగెటివ్‌కి మరకవుతుందని.

మొగుళ్ళు, పెళ్ళాలు, కొత్తగా నామకరణమైన పిల్లలు, రిటైరైన పోస్టుమాస్టరు. వాళ్ళ వెనకాల తీగ. తీగ వెనకాల ఖాళీ. పన్నెండేళ్ళూ ఖాళీ. ప్రతి ఫోటోలో ఎంత శుభ్రంగా ఉందో ఆ పార్కు! పరాయి మనిషి మోచెయ్యి కూడా లేదు. ఆ శుభ్రం ఆయనే చేశాడు, గొంతు చించుకుని. చెట్ల ఫోటోల్లోనూ అంతే, మనిషి మాయమయ్యేదాకా ఆగాడు. నాలుగోరోజుకి డబ్బా మూత గోడకేసి కొట్టి, "ఒక్కణ్ణి ఉండనిస్తినా! ఒక్కణ్ణి ఉండనిస్తినా!" అని తల బాదుకున్నాడు. కుప్పమ్మాళ్ గడప అవతలే నిలబడి చూసింది. లోపలికి రావడానికి భయపడింది. ఆరోజు నుంచి ఆవిడ ఏ గిన్నె కడగాలన్నా ముందు కోడల్ని అడగడం మొదలుపెట్టింది. "ఇది కడగచ్చునా? ఇది?" చెంబు పట్టుకుని, చంటిపిల్లలా.

పదకొండో రోజు విరుదునగర్‌లో బాలసుబ్రమణియన్ ఇంకో దారి చెప్పాడు. తంగపాండి అంతే ఒడ్డూ పొడుగూ ఉన్న ఎవడి ఫోటో అయినా తీసుకుని, మసకగా, కదిలినట్టుగా పెద్దది చేసిస్తాను, పదహారో రోజున ఏడ్చే కళ్ళకి ఏం తెలుస్తుంది, పుట్టబోయే బిడ్డకి అసలే తెలియదు అన్నాడు. పాపం, మంచికే అన్నాడు. చేసి కవర్లో పెట్టి ఇచ్చాడు కూడా. సోలైమలై దాన్ని తెచ్చుకున్నాడు. తెచ్చుకోలేదని నేను అబద్ధం చెప్పను. మూడు రోజులు దాన్ని సంచిలో పెట్టుకుని తిరిగాడు. కవరు విప్పి చూసినప్పుడల్లా ఎవడో పరాయివాడు, తను జీవితమంతా ఓరం పొమ్మన్నవాడు, వచ్చి నిలబడి ఉండేవాడు. ఆ బిడ్డ వాణ్ణి నాయనా అని పిలుస్తుంది. మింగలేడు, కక్కలేడు.

పద్నాలుగో రోజున ఐదో డబ్బా అడుగున దొరికింది. జనం ఫోటో కాదు, రెండేళ్ళ కిందటి గుల్‌మొహర్ చెట్టు, నిండా పూసింది. మనిషి పూర్తిగా తప్పుకోకముందే ఎందుకో మీట నొక్కేశాడు, చెడిపోయిందని పక్కన పడేసినది. అంచున ఒక మనిషి. భుజాన తువ్వాలు, ఎడమ భుజం కుడిదానికన్నా అంగుళం కిందికి, బేళ్ళు మోసి మోసి వంగింది. ఓరం పొమ్మంటే మాట విని పోతున్నాడు. వీపు ఇటు పెట్టి, అటు నడుస్తున్నాడు. సోలైమలై భూతద్దం కింద ఆ గోరంత మనిషిని ఎంతసేపు చూసినా అతను వెనక్కి తిరగలేదు.

దాన్ని విరుదునగర్‌లో పెద్దది చేయించుకుని, పదహారో రోజున సెల్వి ఇంటికి రెండు కవర్లతో వెళ్ళాడు. గడప దగ్గర చెప్పులు విడిచి, పరాయివాడున్న కవరుని సంచిలోకి తోసి, రెండోది ఆమె చేతిలో పెట్టాడు.

"ఆదివారం తీసిన రోలు చెడిపోయిండాది తల్లీ" అన్నాడు. ఎట్లా చెడిపోయిందో చెప్పలేదు. "ఇదొకటే దొరికింది. మొగము లేదు. ఇది వాడేనా కాదా, అదీ నాకు సత్తియంగా తెలీదు."

ఆమె కవరు విప్పి చూసింది. చుట్టూ ఉన్నవాళ్ళు మెడలు సాచారు. ఎవరో ముసలాయన "యామిది, వీపు!" అన్నాడు. సెల్వి బొటనవేలితో ఆ ఫోటోలోని భుజం మీద మెల్లగా రుద్దింది. ప్రతి సాయంత్రం ఉప్పుమూటతో కాపడం పెట్టిన భుజం.

"ఆయనే" అంది. "ఇది నాకు తెలీదా అన్నా?"

ఆదివారం ఫోటో అడగలేదు, రోలు ఎట్లా చెడిందని అడగలేదు, నిష్ఠూరమాడలేదు. నిష్ఠూరమాడి ఉంటే సోలైమలైకి కాస్త ఊపిరి ఆడేది. దానికి చట్రం కట్టించి, దండ వేసి, దీపం పెట్టారు. దండ వేసిన వీపు ఉన్న ఇల్లు ఆ వీధిలో అదొక్కటే. కొత్తవాళ్ళు చూసి నవ్వు ఆపుకునేవారు. రెండు నెలలకి ఆడపిల్ల పుట్టింది. జెయంతి అని పేరు పెట్టారు.

ఆ తరవాత సోలైమలై పార్కులో 'ఓరం పో' అనడం మానేశాడు. ఫోటోల వెనకాల ఎవరున్నా ఉండనిచ్చాడు. జనానికి నచ్చలేదు, బేరాలు తగ్గాయి. తొండలూ పిట్టలూ మానేశాడు. కుప్పమ్మాళ్ తొంభై ఆరులో పోయింది. పోయే ముందు కొడుకు చెయ్యి పట్టుకుని "ఆ పిల్ల దగ్గర చెప్పితివా, నేనే కడిగిందని?" అని అడిగింది. చెప్పానన్నాడు. చెప్పలేదు.

రెండు వేల సంవత్సరంలో, ఒక ఆదివారం, సెల్వి కూతుర్ని తీసుకుని పార్కుకి వచ్చింది. ఇన్నేళ్ళలో ఆమె ఆ పార్కులో అడుగుపెట్టడం అదే మొదటిసారి. పిల్లకి తొమ్మిదేళ్ళు. కొత్త పావడా, రెండు జడలు, కనకాంబరాలు. ఇంట్లో తగిలించడానికి ఒక ఫోటో కావాలంది సెల్వి.

సోలైమలై మంచి వెలుతురున్న చోటు చూశాడు, కాగితప్పూల తీగ ముందు నిలబెట్టాడు, పది అడుగులు వెనక్కి వచ్చి కెమెరాలోంచి చూశాడు. రెండు జడలు కనిపించాయి, కనకాంబరాలు కనిపించాయి. పిల్ల వీపు ఇటు పెట్టి నిలబడి ఉంది.

"ఇట్ల తిరుగు తల్లీ. మొగము కనపడాల కదా."

"వద్దు మామా" అంది జెయంతి, తల తిప్పకుండానే. "నాయన పక్కన తగిలిస్తారంట. నాయన ఆ పక్కకి పోతాండాడు కదా. నేను ఇట్ల తిరిగితే ఆయన ఒక్కడే పోవాల."

సోలైమలై సెల్వి వైపు చూశాడు. చెప్పాలనుకున్నాడు. తొమ్మిదేళ్ళ కిందట చెప్పాల్సింది, అమ్మ సంగతి, కుంకుడు నురగ సంగతి, పిట్ట కోసం ఆగిన మూడు రోజుల సంగతి. వాడు నవ్వాడని, పక్కకి తిరిగిన ముందుపన్ను బయటపడేలా ఈ చెట్ల మధ్యే నవ్వాడని. నోరు తెరిచాడు.

"ఎంత చెప్పినా వినదన్నా అది" అంది సెల్వి. "ఇంట్లోనూ అద్దం ముందర ఎనక్కి తిరిగి నిలబడి నాయన మాదిరి ఉండానా అని అడుగుతాది. నువ్వు తియ్యి."

ఆయన తీశాడు.